ముళ్ళు ఏరుతూ

రొట్టె అంచులు కోసెయ్యమంది మూరియెల్.
చావింటి శాండ్‌విచ్‌కి అంచులుండకూడదట.
ఆడపడుచు మాట. కోస్తున్నాను.
కిటికీ అవతల సముద్రపు కాకులకి ఇవాళ పండగ.

నలభై ఒక్క ఏళ్ళు అమోస్ నా పక్కన పడుకున్నాడు
ఓక్ పొట్టు పొగని వెంటేసుకుని.
సబ్బులు మార్చాను, దుప్పట్లు ఉడకబెట్టాను.
పెళ్ళైన కొత్తలో ఓసారి అలిగి
లావెండర్ నీళ్ళు సీసా మొత్తం దిండు మీద గుమ్మరించాను.
తెల్లారేసరికి
లావెండరే పొగచూరింది.

ఈ హెర్రింగులు అతను వేలాడదీసినవే,
మంగళవారం రాత్రి,
మొప్పల్లోంచి కర్ర దూర్చి, కర్రకి పాతిక చొప్పున,
పొట్ట చీల్చకుండా.
"చీలిస్తే కిప్పర్, చీల్చకపోతే బ్లోటర్.
ఆ తేడా తెలియనివాడికి యార్మత్‌లో పిల్లనివ్వరు" అనేవాడు.
నిప్పు లేవకూడదు, ఆరకూడదు.
అర్ధరాత్రి పైజమా మీదే కోటు తొడుక్కుని
చూసొచ్చేవాడు
జ్వరంతో ఉన్న పిల్లని చూసొచ్చినట్టు.

బుధవారం చూడ్డానికి వెళ్ళి రాలేదు.

నిప్పు మాత్రం సరిగ్గానే ఉందన్నారు.
చేపలకి వెండి మీద పల్చగా తేనెరంగు దిగింది.
"వీటినేం చేద్దాం, థర్జా?"
టోపీ చేత్తో పట్టుకుని అడిగాడు అట్టింగ్ దొర.
పొగయిల్లు అమ్మకానికి పెట్టిన సంగతి
ఆ గొంతులోనే తెలిసిపోయింది.
ఇంటికి పంపించండి అన్నాను.

రాత్రంతా తోలు వలిచాను.
ముళ్ళు ఏరాను, కనుబొమ్మ వెంట్రుకలంత సన్నవి,
కళ్ళజోడు తుడుచుకుంటూ, మళ్ళీ తుడుచుకుంటూ.
(పొగకే. కళ్ళు మండింది పొగకే.)
వెన్న, జాపత్రి, చిటికెడు మిరప్పొడి, నిమ్మరసం.
కల్వంలో నూరి జల్లెడ పట్టి
గాజు బుడ్డీల్లో కూరి
పైన కరిగిన వెన్న మూత వేశాను.
అట్టింగ్ పంపిన ఫ్యాక్టరీ పేస్టు, అరడజను డబ్బాలు,
మెట్ల కింద చీపురు పక్కన ఉన్నాయి.

ఇప్పుడు అందరూ తింటున్నారు.
టీ కప్పుల చప్పుడు, తడి గొడుగుల వాసన.
పాదిరి గారు నాలుగోది అందుకుంటూ
చాలా బావుంది, ఏ కొట్లో కొన్నారు అన్నారు.

అమోస్ చివరి రాత్రిని
రొట్టెకి పల్చగా రాసి
మూడు మూలలుగా కోసి
పళ్ళెంలో పెట్టానని ఎలా చెప్పను?
ఇంకో కప్పు టీ పొయ్యనా అన్నాను.

అప్పుడే మూరియెల్ మాట మధ్యలో ఆగింది.
రెండు వేళ్ళు నోట్లో పెట్టి
ఒక ముల్లు తీసింది.
"ముళ్ళు ఏరడం రాదు నీకు"
అని మా పెళ్ళి విందులో అందరి ముందూ అన్న మనిషి.
నేను ఎదురుచూశాను.
ఆమె దాన్ని వెలుతురుకెత్తి చూసింది,
సాసర్ అంచున పెట్టింది,
చాలాసేపు పెదాలు మూసుకునే కూర్చుంది.
తర్వాత నా చెవి దగ్గరికొచ్చి
అంచులున్న ముక్క
వంటింట్లో ఒక్కటైనా మిగిలిందా అని అడిగింది.