పుట్టుమచ్చలు

గ్రీజు బెల్లప్పాకంలా గట్టిపడి ఉంది.
కిరసనాయిలు గుడ్డతో తుడుస్తున్నంతసేపూ
ఆవిడ కోటు విప్పలేదు.
బూట్ల మంచు కరిగి
బల్ల కింద చిన్న మడుగు కట్టింది.

సౌనా అటక మీద దొరికిందట,
భూర్జపు బెరడు కట్టల వెనక, గోనెసంచిలో.
సోత్కమో నుంచి మేనల్లుడి వ్యానులో తెచ్చింది.
సైమి లేయ్‌నొనెన్. వయసు చెప్పలేదు.
"ఇది ఎవరిదో చెప్పండి" అంది.
ఈ ప్రశ్నకే కదా నాకు జీతం,
భూతద్దం కంటికి బిగించుకున్నాను.

తూటా గది మీద
ఎక్కుపెట్టిన విల్లు, అందులో బాణం.
ఇజెవ్‌స్క్. ఉరల్ కొండలకు పడమట, కొలిముల ఊరు.
పద్దెనిమిది వందల తొంభై ఏడు.
పైన రెండు తలల గద్ద;
ఒక తలను చిలుము తినేసింది,
రెండోది ఇంకా ఎవరో పిలిచినట్టు పక్కకే చూస్తోంది.

కాస్త కిందికి, ఏ జెడ్ ఎఫ్.
ఆస్ట్రియా ఆయుధశాల గుద్దిన పచ్చబొట్టు.
ఏ బురదలో ఒకడి చేతిలోంచి జారిందో,
ఆ బురదలోంచే ఇంకొకడు ఏరుకున్నాడు.
పక్కనే పెట్టెలో బిగించిన ఎస్ ఏ, మా సైన్యం.
ఒంటరిగా ఒక డి:
కొత్త తూటా మింగడానికి దీని గొంతు సవరించారు.
బోల్టు మీద పాత అంకెను అడ్డగీతతో కొట్టేసి
కొత్త అంకె వేశారు, అందులో ఏడు ఒరిగింది,
ఆ పూట సుత్తి పట్టినవాడికి చలి చేసి ఉంటుంది.

"పుట్టినిల్లు రష్యా" అన్నాను,
"మెట్టినిళ్ళు రెండు."
నా మాట నాకే ముచ్చటేసింది.
ఆవిడకు వేయలేదు.
"దేశాల పేర్లు చెప్తున్నారు.
నేనడిగింది మనిషి."

ఇనుము మీద మనుషుల పేర్లు కొట్టరమ్మా
అనబోయి, ఊరికే చెక్క తిప్పాను.

మడమకు ఎడమ పక్కన, చెంప ఆనే చోట,
నునుపెక్కాలి. ప్రతి తుపాకీకీ అంతే,
సైన్యం దృష్టిలో అందరిదీ కుడిచేయే.
ఇక్కడ వార్నిషు చెక్కు చెదరలేదు.
కుడిపక్క మాత్రం
ఏళ్ళ తరబడి చేయి రుద్దిన గడపలా నిగనిగ.

"ఎడమచేతి వాటం వాడు" అన్నాను.
"బోల్టు పిడి కుడివైపు. తూటా తూటాకీ
చేయి అడ్డంగా చాచి లాగాలి.
ఒక క్షణం ఆలస్యం, ప్రతిసారీ.
అయినా చివరి ఊరు దాకా నడిచాడు."

ఆవిడ చేతితొడుగు తీసింది. మళ్ళీ వేసుకుంది.
"మా ఆయనది ఎడమచెయ్యే.
బళ్ళో మణికట్టుకు తాడు కట్టినా మారలేదు,
పోయేదాకా.
వాళ్ళింట్లో ఇంకెవరికీ లేదు.
మామగారు నవ్వేవారు, ఎక్కణ్ణించి వచ్చాడ్రా వీడు అని."

"మీ ఆయన యుద్ధంలో..."

"నలభై అయిదు, జూన్‌లో పుట్టాడు.
మామగారు సరిహద్దు నుంచి తిరిగొచ్చింది
అంతకు ముందటి క్రిస్మస్‌కి."

బయట మంచు తోసే బండి వెళ్ళింది, కిటికీ అదిరింది.
నాకు లెక్కలు వచ్చు. వేళ్ళు కదపలేదు.

"ఆ శరదృతువులో అడవిలో దాక్కున్న కుర్రాళ్ళుండేవారట,
ఇక యుద్ధం చేయం అని.
మా అత్త రాత్రిపూట సౌనా వేడి పెట్టేదని
ఊళ్ళో ఒకటే గుసగుస.
నేను కోడలిగా వెళ్ళేసరికి ఆవిడ
అటక నిచ్చెనను కొట్టి పొయ్యిలో పెట్టేసింది."

అప్పగింత కాగితం ముందుకు జరిపాను.
పేరు, ఊరు, సంఖ్య.
ఒక గడి దగ్గర కలం ఆగింది: మూలం.
"ఏం రాయమంటారు?"

ఆవిడ ఈసారి తొడుగు పూర్తిగా తీసేసింది.
బొటనవేలు ఆ నునుపు మీద పెట్టి
కొంచెంసేపు అలాగే ఉంచింది,
జ్వరం ఉందేమో చూసినట్టు.

"మీరు మొదట చెప్పిన ఊరుందే,
బాణం ఊరు,
అదే రాయండి."