తప్పు స్పెల్లింగు

ఎర్రగుంట్ల నుంచి పొద్దుటూరు పోయే దోవలో
గోడకు ఆనుకుని నల్లరాళ్ళు నిలబడి ఉంటే
అదే మా యార్డు.
లారీ డ్రైవర్లెవురూ అడ్రసు అడగరు.
పాలిష్ మిషను అరుపు విని బండి తిప్పుతారు,
లేదా కాలవెంబడి పారే బూడిదరంగు నీళ్ళు చూసి.

అట్లాంటిది
మేము లేమని చెప్పింది ఫోను.

దస్తగిరి వెబ్‌సైటు చేసిచ్చి ఇరవై రెండు రోజులు.
ఎనిమిది వేలు, రెండు కంతులు.
ముందు పేజీలో మా చిన్నాయన ఓబన్న,
కొత్త చొక్కా, చేతిలో కొలతటేపు,
నవ్వమంటే పళ్ళు కనపడకుండా నవ్వినాడు.
రోజూ రాత్రి లెక్కలు రాసినాక
కడప రాయి అని కొడతాను.
మద్రాసు దళారీ వస్తాడు.
జైపూరోడు వస్తాడు, వాని కాడ మా రాయి ఫోటోనే,
మా గోడ, మా చిరిగిన టార్పాలిన్‌తో సహా.
మేం మాత్రం రాము.

"ఎవురు రాస్తారు ఈ పేర్లు?" అంటాడు చిన్నాయన,
రేషను జాబితా అనుకుని.
"యా ఆఫీసులో ఇయ్యాల అర్జీ?"
మనిషి కాదు చిన్నాయనా, సాలీడు లాంటిదొకటి,
దారం పట్టుకుని ఇంటింటికీ తిరిగి
చూసింది చూసినట్టు రాసుకుంటాదని చెప్పినా.
కాసేపు రేకుల మూలకు చూసినాడు.
"మన దాకా దారం లేదేమో" అన్నాడు.

నిజమే.
అక్కడ మమ్మల్ని తలుచుకునేవాళ్ళు లేరు.
సిమెంటు కొట్టు సుంకన్నను బతిమాలి
వాళ్ళ సైటు అడుగున మా పేరు పెట్టించినా.
దారం ఒకటి అయింది.
సాలీడు రాలేదు.

ఇరవై ఆరో రోజు దస్తగిరి వచ్చి
టీ సల్లారిపోయేంతసేపు వెతికి
నాలుక కరుచుకున్నాడు.
పని అరకొరగా ఉన్నప్పుడు ఎవురూ చూడకూడదని
లోపలెక్కడో ఒక మాట రాసిపెట్టినాడంట:
రావద్దు, రాసుకోవద్దు.
తీయడం మరిచినాడు.
చేన్లోకి గొడ్లు రాకుండా అడ్డమేసిన ముళ్ళకంప
మనమే తీయకుండా
చుట్టాలు రాలేదని అలిగినట్టు.

ఆ మాట చెరిపినాడు.
మా పేజీలెన్ని, యా పేజీలో ఏముందని
ఒక పట్టీ కూడా పంపినాడు.
పోతా పోతా చెప్పులేసుకుంటా,
"ఇంకొకటుందక్కా" అన్నాడు.
బొంబాయోళ్ళు, పూణేవోళ్ళు కడప అని వెతకరంట.
కడప్పా అంటారంట.
కొందరు దొరలు రాసినట్టు కుడ్డపా.
ఆ రెండూ పేజీలో ఉండాలంట.

చిన్నాయన మిషను ఆపేసినాడు.
ఆపితే యార్డులో నీటిచుక్క కూడా వినపడతాది.
"నా ఊరి పేరు నేనే తప్పు రాసుకోవాల్నా?"

గడప మీద కూర్చుంటే మా జేజి తిట్టేది.
గడపే కడప అయిందని చెప్పేది,
దేవుని కొండకు మొదటి మెట్టు మనదేనని,
ఆ మెట్టు రాయి మా తాతే కోసినట్టు.

ఆ రాత్రి నేనే టైపు చేసినా.
కడప.
కడప్పా.
మూడోది కొట్టేటప్పుడు
వేళ్ళ కింద రాతిపొడి గరగరమన్నట్టు అనిపించింది.
చిన్నాయన వెనకే నిలబడి చూసినాడు.
వద్దనలేదు.

పంతొమ్మిది రోజులకు నాలుగో పేజీలో వచ్చినాం,
కింద నుంచి రెండోది.
చిన్నాయన కళ్ళద్దాలు తుడుచుకుని
ఇదిగో అని వేలు పెట్టినాడు,
వేలు తగిలి పేజీ ఎగిరిపోయింది.
మళ్ళీ వెతుక్కున్నాం.

మొదటి ఫోను పూణే నుంచి.
వంటింటి గట్టుకు కడప్పా ఉందా అని, హిందీలో.
చిన్నాయన వచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని
ముందు పేరు సరిచేసినాడు:
"కడప్పా నహీ సాబ్. కడప."
అవతల ఏమన్నారో.
కొలతటేపు సర్రున లోపలికి పోయింది.
"హా సాబ్, కడప్పా.
కిత్నా ఫీట్?"