పద్నాలుగు శాతం

డెమో ఇచ్చిన పిల్లగాడు టై కట్టుకొచ్చాడు,
జూన్ నెలలో, హన్మకొండలో.
అతని తెర మీద ఎక్కడిదో ఒక ఊరు,
వాలు కుదిరిన ఊరు,
పైపులన్నీ బుద్ధిగా పల్లానికే పోతున్నాయి.
మీట నొక్కితే వాన.
వీధులు నీలమై, చాయ్ చల్లారేలోగా మళ్లీ తెల్లబడ్డాయి.
ఈఈ సారు తలూపారు.

నేనడిగాను: పరుపుకి గడి ఎక్కడుంది?

నయీంనగర్ నాలాలో పోయినేడు దొరికిన పరుపు,
దాని కింద ఫంక్షన్ హాలు విస్తరాకులు,
దాని కింద మూడేళ్ల ఒండ్రు.
అన్నిటికీ కలిపి గరుకు ఎంత వేయాలి?
కాంక్రీటుకి సున్నా పాయింట్ సున్నా ఒకటి మూడు.
పుస్తకంలో ఉంది.
పరుపు పుస్తకంలో లేదు.
భద్రకాళి చెరువు నిండితే
మా మోరీ వెనక్కి పారుతుందని చెప్తే
అతను నవ్వాడు, నేను జోకేసినట్టు.

రెండోదానికి ఏడాదికి పదకొండు లక్షలు.
వేలెడంత పుల్ల గుచ్చితేనే తెరుచుకుంటుంది.
ఆ పుల్ల ఎవరి సొరుగులో ఉండాలో తేలక
ఫైలు మూడు టేబుళ్లు తిరిగి పడుకుంది.

మూడోది ఉచితం. అందం లేదు.
బూడిదరంగు కిటికీ, ముతక గీతలు.
పాప హోంవర్కు పక్కకు జరిపి
రాత్రి మా డివిజన్ అంతా అందులో ఎక్కించాను.
రెండువందల పన్నెండు మ్యాన్‌హోళ్లు.
పాత మ్యాపులో లోతు రాసినవి తొంభై.
మిగిలినవి మొండయ్య ఒళ్లు చెప్పింది:
"గిది నా బొడ్డుదాంక, మేడం.
గిది మెడదాంక.
గా అరవై ఒకటోది నన్నడుగకు.
అండ్ల నేను దిగలే. మా తమ్ముడు దిగిండు."

పెన్ను ఆగింది.
ఖాళీ వదిలితే అది సున్నా అనుకుంటుంది.
సున్నా కాదు.

రన్ చేశాను.
నీలాలు లేవు, బొమ్మలు లేవు.
అడుగున ఒక్క వరుస:
పద్నాలుగు శాతం నీటికి లెక్క కుదరలేదు.

తన తప్పు తానే అచ్చేసి చూపినదాన్ని
ఆఫీసులో అదే మొదటిసారి చూడటం.

కారణం రాయాల్సిన గడిలో 'ఖర్చు లేదు' అని రాశాను.
సంతకమైంది.

పొద్దున మొండయ్యతో నడిచాను.
గడ్డపారతో సీసీ రోడ్డు తట్టుకుంటూ పోయాడు,
పుచ్చకాయ పండిందో లేదో చూసినట్టు.
ఒకచోట చప్పుడు మారింది.
"ఈడుంది. ఆడు పోయిన నెలకే మీదికెల్లి రోడ్డు పోసిండ్రు."
సుద్దతో గుండ్రంగా గీశాడు.

రోడ్డు తవ్వడానికి అనుమతి అడిగి నలభై రోజులు.
గడి ఖాళీగానే ఉంది.
ప్రతి రన్‌కీ అడుగున అదే పద్నాలుగు.
వాన కొట్టిన రాత్రి గీత చెరిగిపోతుంది.
తెల్లారి డ్యూటీకి పోతూ
మొండయ్య మళ్లీ గీస్తాడు.