ఒకట్లు

నీళ్లు పరీక్ష చెయ్యనీకి వచ్చిన సోల్వెయ్
మోకాలికాడ చినిగిన లాగు తెచ్చి
నా మిషను మీద పెట్టింది.
వాళ్ల ఐస్‌లాండ్‌ల దీన్ని బుక్సుర్ అంటరట.
ఎప్పుడో మేకపోతు తోలుతోటి కుట్టేటోళ్లేమో,
ఆ పోతు వాసన
మాటల ఇంకా ఉన్నదేమో అన్నది.

ఏకవచనమే లేదట దానికి.
దండెం మీద ఒక్కటే ఆరుతున్నా బహువచనమేనట,
లెక్కవెట్టే ఒకటి గూడ
దాని ముంగట ఒకట్లు అయితదట.

నవ్వొచ్చింది.
మా మర్రిగూడల లాగు ఒక్కటే, కూలి ఒక్కటే.
రెండంటే పైసలెవరిస్తరు?

మాపటికి అంసయ్య వచ్చిండు.
బోరునీళ్లు తాగి తాగి వంకర్లువోయిన కాళ్లు.
టేపు వట్టిన.
కుడికాలు ముప్పై ఆరు,
ఎడమది ముప్పై మూడున్నర.

ఇన్నేండ్లు కుడికాలుకే కొలిచి
ఎడమదాన్ని మడతేసి కుట్టిచ్చిన.
ఒక్కనాడూ అడగలే ఆయన.

సోల్వెయ్ సీసాలకు మూతలు వెడుతుంది,
ఒక్కోదాని మీద ఒక్కో బోరు పేరు.

పుస్తకంల రెండు కొలతలూ ఎక్కించి
లాగులు అని రాసిన.

"గదేందిరా, నేనిచ్చింది ఒక్కదానికే గదా బట్ట?"
అన్నడు అంసయ్య తొంగిచూసి.

ఒకట్లు, అన్న.