జల్లెడలో మిగిలింది

త్బిలీసీ, ఎలియావా బజారు.
సైలెన్సర్ల గుట్ట వెనక మల్ఖాజ్
పాత టీ జల్లెడలో
ఇంజను ఆయిలు వడగడుతున్నాడు.

నల్లటిదంతా దిగిపోయాక
అడుగున రాగిరంగు నలుసులు.
వేలికి అద్దుకుని, బల్బు కింద
కంసాలి గీటురాయిని చూసినంత సేపు చూశాడు.

"బేరింగులు."

తొమ్మిది వేలకే వచ్చిందని
పది సిలిండర్ల జర్మన్ కారును
మొన్న మార్చిలో తోలుకొచ్చాడు ఊచా.
బాగుచెయ్యడానికి పదకొండు వేలు.
ఏనుగు కన్నా అంకుశం ప్రియం.

ఊచాది రొట్టెల బట్టీలో పని,
మోచేతుల దాకా వాతలు.
లెక్క అతనికి డబ్బులో రాదు:
ఏడు వేల మూడువందల రొట్టెలు,
ఒక్కొక్కటీ నడుం వంచి
బట్టీ లోపలి గోడకు అంటించాలి.

"ఒక్కసారి స్టార్ట్ చెయ్యనా?"
"చేస్తే రాడ్డు ఇంజను పొట్ట చీల్చుకుని బయటికొస్తుంది."

అయినా లోపల కూర్చున్నాడు.
తోలు సీటు ఇంకా
ఎవరో డబ్బున్నవాడి వీపు ఆకారంలోనే ఉంది.
తాళం తిప్పకుండా
పెదాలతో, చిన్నగా,
ఆ చప్పుడు చేశాడు.

మల్ఖాజ్ తల తిప్పుకున్నాడు.
గేరుబాక్సు పంపు సంగతి
రేపు చెప్పొచ్చులే.