పదిహేనా, ఇరవయ్యా

గిమ్లీలో మార్చి నెలాఖరుకీ
సరస్సు కరగలేదు.
ట్రక్కులు అద్దెకిచ్చే కౌంటర్ వెనక
వేళ్లు తెగిన చేతితొడుగులు వేసుకుని
వచ్చినవాళ్లందరికీ ఒకటే పాఠం అప్పజెప్తుంటాను:
ఒంటి గదికి పదడుగులు,
రెండు గదులకి పదిహేను,
పిల్లలూ కుక్కా పియానో ఉంటే ఇరవై,
ఆపైన దేవుడి దయ.

సోల్వెయిగ్ థోర్వాల్డ్‌సన్ వచ్చి
"ఇరవై" అంది.
బూట్ల మంచు దులుపుకుంటూ వెనకే వచ్చిన తమ్ముడు కెల్విన్
"పదిహేను చాలు, ఉన్న మూటాముల్లె అంతా రెండు గదులే" అన్నాడు.
తేడా డెబ్బై డాలర్లు. పెట్రోలు వేరే.
థండర్ బే దాకా తొమ్మిది గంటల దారి.

పెద్దది తీసుకుంటే పోయేదేముంది అనుకుంటారు జనం.
ఖాళీ కూడా సామానే.
కట్టెయ్యకపోతే అన్నిటికంటే ముందు అదే కదులుతుంది,
మలుపు మలుపుకీ బీరువాని నెట్టి
పింగాణీ మీద పడేస్తుంది.
చిన్నది తీసుకుంటే
ఆఖర్న వాకిట్లో ఒక కుర్చీ మిగులుతుంది.
నాకు తెలుసు.
మాది డాఫిన్‌లో, అద్దింటి ముందు మంచులో
ఎవరో వచ్చి కూచుంటారన్నట్టు ఉండిపోయింది.
ఆరేళ్లయింది. దాని కుడిచెయ్యి వదులు.

"ఇంతకీ ఏమేం ఉన్నాయి?"
మంచం. కాసిని పుస్తకాలు.
తాత చేపల వల ఉన్న పెట్టె, పారెయ్యలేనిది.
వంటగది.
మగ్గం.
"మగ్గం విప్పేస్తే పదిహేనులో పడుతుంది" అన్నాడు కెల్విన్.
"విప్పాలంటే పడుగు కొయ్యాలి" అంది ఆమె.
దాని మీద సగం దుప్పటి ఉందట.
నాలుగొందల పోగులు, గొర్రె రంగే, అద్దకం లేదు.
ఎవరికి అని అడిగాను.
ఇంకా తెలీదు అంది.

నా ఉద్యోగంలో లేని పని అది.
అయినా సాయంత్రం టేపు పట్టుకుని వెళ్లాను.
మగ్గం వెడల్పు ఐదడుగుల రెండంగుళాలు.
ఎటు తిప్పి చూసినా నాలుగడుగులకి తగ్గదు.
ట్రక్కులో ఇరవై అయితే రాజాలా కూచుంటుంది,
పడుగు పడుగులాగే, పేక పేకలాగే,
ఆడుతున్న చెయ్యి ఆగినట్టు మాత్రమే.
వచ్చేటప్పుడు, ఊరికే,
గది గుమ్మం కొలిచాను.
రెండడుగుల ఎనిమిది.

ఎవరో ఎప్పుడో చెక్కలు లోపలికి మోసుకొచ్చి
ఈ గదిలోనే బిగించిన మగ్గం అది.
ట్రక్కు మీద మూడు రోజులు పోట్లాడుకున్నవాళ్లూ
పాఠం చెప్పిన నేనూ
గుమ్మాన్ని ఎవరం అడగలేదు.
కెల్విన్ ఫక్కున నవ్వాడు.
బల్ల మీద కత్తెర కనబడి
నవ్వు మధ్యలో ఆపేశాడు.

"శనివారం బండిని బుధవారానికి మార్చగలవా?" అంది సోల్వెయిగ్.
ఏ సైజని నేను అడగలేదు.
అప్పటికే బల్ల మీద కూచుని తొక్కుడు కర్రలకి పాదాలు ఆనించింది.
ఆ నాలుగు రాత్రులూ తమ్ముడు కండెలు చుట్టాడట,
వదులుగా, చేతకాని చేతుల్తో.
దుప్పటిలో ఒకచోట పేక వంకరపోయింది.
అక్కడికి నిద్ర వచ్చింది అంది.

బుధవారం. పదిహేనడుగులది.
మగ్గం కర్రలు విడివిడిగా గోడవారన
తెడ్లలా నిలబడ్డాయి.
మంచం, పెట్టె, వంటగది, అద్దం,
మరో అద్దం, ఎవరూ చెప్పని ఇస్త్రీబల్ల.
తలుపు దించబోతే
అద్దానికీ పుస్తకాల అట్టపెట్టెకీ మధ్య
జానెడు ఖాళీ.
నేను పాత గోనె కోసం వెతుకుతున్నా.
సోల్వెయిగ్ భుజం మీది దుప్పటి తీసి
నాలుగు మడతలు పెట్టి
అందులోకి కుక్కింది.
అరచేత్తో ఒకసారి కదిపి చూసింది.
కదల్లేదు.

వాయిదా రుసుము నలభై.
"ఇంకా ముప్పై మిగిలింది" అన్నాడు కెల్విన్,
ఎవరూ అడక్కుండానే.