కట్టియాచ్చు

జూన్ నెల. తోతాపురి కాయల ట్రాక్టర్లు
ఫ్యాక్టరీ గేటు నుంచి మురకంబట్టు దాకా బారులు.
పొద్దంతా వేబ్రిడ్జి గదిలో కూచుని
లోడు ఎంత, ఖాళీ బండి ఎంత,
తీసేస్తే మిగిలిన కాయ ఎంత అని
చీటీలు రాసిచ్చేదాన్ని నేను.
ఇన్నేండ్లలో ఒక్క కిలో తప్పు పోలేదు.

ఇంటికొస్తే మాత్రం
నా చీటీలు నాకే అర్థం కావు.

కొన్నది పద్దెనిమిది అంకణాలు,
గ్రీమ్స్‌పేటలో, మూడో సందులో.
రిజిస్ట్రేషన్ నాడు సంతకాలు పెట్టీ పెట్టీ
చివరి కాగితం మీద నా పేరు ఎవరిదో అనిపించింది.
తాళంచెవి ఒకటే ఇచ్చినారు.
దాని వెనకాల వచ్చిన కాగితాలకు లెక్కలేదు.

ఇంటి పన్ను ఆర్నెల్లకొకసారి.
నీటి పన్ను వేరే,
కుళాయి వారానికి రెండు దినాలే వచ్చినా సరే.
ఈఎంఐ ఐదో తేదీ, జీతం ఏడో తేదీ.
ఆ నడుమ తెలీని నంబరు ఏదొచ్చినా ఫోనెత్తను.
కరెంటు బిల్లులో సర్దుబాటు ఛార్జీ అని ఒక వరస:
ఎప్పుడో ఎవరో వేసుకున్న ఫ్యానుకు
ఇప్పుడు నేను సర్దుకోవాలంట.

ఆధార్‌లో రెడ్డెమ్మ. పాన్‌లో రెడ్డమ్మ.
దస్తావేజులో డి. రెడ్డెమ్మ.
బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు వెనక్కి జారి
రెడ్డెమ్మ డి.
నలుగురం చేరి ఒక ఇల్లు కొన్నట్టుంది,
అప్పు తీర్చేది నేనొక్కదాన్నే.

అన్నీ కుక్కర్ కొన్న అట్టపెట్టెలో వేస్తాను.
రాత్రి సంగటి తిన్నాక మూత తీస్తాను,
పైనున్న రెండు చూస్తాను,
మూసేస్తాను.
కుక్కరైతే మూడు విజిళ్ళకు చెప్తుంది.

కరెంటు బిల్లు ఇంకా పాతాయన పేరు మీదే వస్తుంది.
దొరసామి మొదలారి. పోయి రెండేండ్లు.
పేరు మార్చండని సచివాలయానికి పోతే
కంప్యూటర్లోంచి తలెత్తకుండానే అన్నాడు పిల్లోడు:
"ఓనరు సంతకం కావాల మ్యాడమ్."
"ఓనరు నేనే."
"మీరు కాదు. బిల్లులో ఉండే ఓనరు."
"ఆయన చచ్చిపోయినాడు నాయనా."
"అయితే చచ్చిపోయినట్టు కాగితం తీసకరాండి."
నేను బతికుండేదానికే
నాలుగు రకాల కాగితాలు!

ఆదివారం, ఏదన్నా దొరుకుతుందేమోనని అటకెక్కినాను.
దుమ్ము. పగిలిన చాట. పాత కూజా.
దాని వెనకాల ఒక గొడుగు కమ్మీ,
కొన వంచి, అడుగున చెక్కముక్క బిగించి,
దానికి గుచ్చిన బిల్లులు.
అడుగువి పసుప్పచ్చగా, తాకితే పొడి రాలేవి,
పైవి తెల్లగా,
అన్నింటికీ కడుపులో ఒకే చోట చిల్లు.
ముప్పై ఒక్క సంవత్సరాలు.
కింద కూచుని లెక్కబెట్టినాను, ఒక్క నెల పోలేదు.
ప్రతిదాని మూలా అరవ అక్షరాల్లో ఒకే మాట.

అరవం మాట్లాడతాను గానీ చదవలేను.
ఒకటి తీసకపోయి, కాయలు కోసే సెల్విని అడిగితే
రసం చేతులు కొంగుకు తుడుచుకుని చూసింది.
"కట్టియాచ్చు. కట్టేసినా అని రాసుకున్యాడు.
అంతే కదక్కా."

అంతే.

కింది బిల్లుల్లో ఆ మాట కొక్కెంలా గట్టిగా ఉంది.
పైకొచ్చే కొద్దీ వణుకుతుంది.
చివరి నాలుగింటి మీద సగమే: కట్టి
ఆపైన పెన్ను జారిన గీత.
డబ్బు మాత్రం గడువు లోపలే కట్టినాడు,
రసీదులు వెనకనే గుచ్చున్నాయి.

లింకు డాక్యుమెంట్లన్నీ ఇచ్చేసినామని
ఆయన కొడుకు నాతో అన్నాడు.
ఇది లెక్కలోకి రాలేదు.

కుక్కర్ పెట్టె ఏమీ ఖాళీ కాలేదు.
నీటి పన్ను అట్లే ఉంది.
రెడ్డెమ్మలు నలుగురూ ఇంకా ఒకటి కాలేదు.
ఈ నెల కరెంటు కట్టి, మూలన తెలుగులో
కట్టియాచ్చు అని రాసి
కమ్మీకి గుచ్చినాను.
వేలికి కూడా గుచ్చుకుంది, రవ్వంత.

మళ్ళీ నెల తొమ్మిదో తేదీ
మీటరు పిల్లోడు గేటు కొట్టి అరిచినాడు:
"దొరసామి మొదలారీ! బిల్లు!"
పొయ్యి మీద ఎసరు మరుగుతా ఉంది.
"ఆఁ, వస్తుండా" అన్నాను.